బడిలో వివాదాస్పద పాఠాలు, టీచరు విచక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ జిల్లా ఉన్నత పాఠశాలల్లో ఇరవై రెండేళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. అంతకుముందు నాలుగేళ్లు అచ్చంపేట దగ్గర ఒక గురుకులంలో పనిచేశాను. తల్లిదండ్రుల సమావేశాల్లో, స్టాఫ్ రూములో, ఒక్కోసారి బస్టాండులో ఆపి మరీ నన్ను అడిగిన ప్రశ్నలివి. కొత్తగా ఉద్యోగంలో చేరినవారే ఎక్కువగా అడుగుతారు. డీఎస్సీ రాసి వచ్చినవారికి బోధనా పద్ధతులన్నీ కంఠతా వస్తాయి. కానీ తరగతిలో కూర్చున్న ఒక బిడ్డ ఇంటి గాయమే పాఠంగా వచ్చిన రోజు ఏం చేయాలో ఏ పరీక్షలోనూ అడగరు.

వివాదాస్పద పాఠం అని దేన్ని అంటారు?

ఎవరికో ఒకరికి ఇబ్బంది కలిగించే ప్రతి విషయమూ వివాదం కాదు. ముందు ఈ తేడా పట్టుకోవాలి. మర్రిగూడ, నాంపల్లి మండలాల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉందా లేదా అన్నది వివాదం కాదు, నీళ్ల పరీక్షలో తేలే సంగతి. అంటరానితనం నేరమన్నది వివాదం కాదు, అది రాజ్యాంగం 17వ అధికరణం. జీవపరిణామం, భూమి వయసు సైన్సు తేల్చిన విషయాలు. వీటిని కూడా ‘కొందరు ఇలా అంటారు, కొందరు అలా అంటారు’ అని చెప్పే టీచరు పిల్లలకు అన్యాయం చేస్తున్నట్టే.

అసలు వివాదం వేరే చోట ఉంటుంది. జరిగిందేమిటో తెలిసినా దాన్ని ఏ పేరుతో పిలవాలి, తప్పు ఎవరిది, ఇప్పుడేం చేయాలి అన్న దగ్గర చదువుకున్నవారూ బుద్ధిమంతులూ రెండుగా, మూడుగా చీలిపోతారు. యురేనియం తవ్వాలా వద్దా? రిజర్వేషన్లు ఎంతకాలం ఉండాలి? హైదరాబాద్ సంస్థానం మీద 1948 సైనిక చర్య ముగిసిన సెప్టెంబర్ 17ను ఏమనాలి? ఇలాంటి చోట ఒకే జవాబు ఖరారు చేసి నోట్సులో రాయించడమూ అన్యాయమే. నా దృష్టిలో టీచరు విచక్షణ ఈ రెండు రకాలనూ వేరు చేయడంతోనే మొదలవుతుంది. నేను చూసిన గొడవల్లో చాలావరకు తేలిన సంగతిని తేలనట్టు, తేలని సంగతిని తేలిపోయినట్టు చెప్పినప్పుడు వచ్చినవే.

పాఠ్యపుస్తకంలో ఏముండాలో ఎవరు నిర్ణయిస్తారు? నచ్చని పాఠాన్ని టీచరు వదిలేయవచ్చా?

ప్రభుత్వ బడులకూ, రాష్ట్ర సిలబస్ చెప్పే ప్రైవేటు బడులకూ పుస్తకాలు తయారుచేసేది రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ, అందరూ ఎస్‌సీఈఆర్‌టీ అంటారు. సీబీఎస్‌ఈ బడుల్లో నడిచేవి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి వరకు పాఠ్యప్రణాళిక రాజ్యాంగ విలువలకు అనుగుణంగా ఉండాలి. బిడ్డకు భయం పోయి, తన అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పగలిగేలా చదువు సాగాలని కూడా అదే సెక్షన్ అంటుంది. 24వ సెక్షన్ టీచరు బాధ్యతలు చెబుతుంది: నిర్ణీత గడువులో సిలబస్ మొత్తం పూర్తిచేయాలి, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావాలి.

కాబట్టి వదిలేసే హక్కు లేదు. ‘నేను ఏ పక్షమూ కాదు, అందుకే ఆ పాఠం చెప్పలేదు’ అని గొప్పగా చెప్పుకునే మిత్రులున్నారు. ఆ పాఠం అప్పుడు పిల్లలు ఫోనులో నేర్చుకుంటారు. అక్కడ చెప్పేవాడికి ఏ చట్టమూ లేదు, ఏ పర్యవేక్షణా లేదు.

సిలబస్ మన చేతిలో లేనప్పుడు ఇక విచక్షణ ఎక్కడిది?

చాలా ఉంది. ఏ ఉదాహరణతో మొదలుపెట్టాలి, ఏ ప్రశ్నను బ్లాక్‌బోర్డు మీద రాయాలి, ఎవరిని మాట్లాడమనాలి, ఎక్కడ ఆగాలి, ఇంటిపని ఏమివ్వాలి అన్నదంతా టీచరుదే. మన సాంఘిక శాస్త్ర పుస్తకాల విద్యా ప్రమాణాల్లోనే ‘సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, ప్రశ్నించడం’ అన్నది ఒకటి ఉంది. పిల్లలచేత ప్రశ్నలు అడిగించడం టీచరు సొంత సరదా కాదు, ప్రభుత్వం అచ్చువేసి ఇచ్చిన పని. ఎవరైనా అభ్యంతరం చెబితే పుస్తకం తెరిచి ఆ పుట చూపించండి. నేను రెండుసార్లు చూపించాను.

సెప్టెంబర్ 17ను ఎలా చెప్పాలి? ఏ పేరు చెప్పినా ఎవరో ఒకరు కోప్పడుతున్నారు.

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. మా జిల్లాలో ఈ పాఠం పుస్తకంలో పుట్టలేదు, ఇళ్లలో పుట్టింది.

మొదట తేలిన సంగతులు చెప్పండి. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ముందు లొంగిపోయాడు. అంతకుముందు నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు ఊళ్ల మీద పడి దోచారు, చంపారు. మా చిట్యాల మండలం గుండ్రాంపల్లి పేరు చెబితే పెద్దవాళ్ల ముఖాలు ఇప్పటికీ మారిపోతాయి. 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరగడంతో ఎగసిన రైతాంగ పోరాటం సైన్యం వచ్చినా ఆగలేదు, 1951 అక్టోబర్ దాకా సాగింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి దేశంలోకెల్లా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచాడు.

ఇంకో సంగతి కూడా తేలినదే, కానీ చాలా తరగతుల్లో చెప్పరు. సైనిక చర్య సమయంలోనూ, ఆ తర్వాతా ముస్లింల మీద పెద్ద ఎత్తున హత్యాకాండ జరిగింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను 27,000 నుంచి 40,000 దాకా అంచనా వేసింది. అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగిందని ఆ నివేదిక చెప్పిన ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఇప్పుడు మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉన్నాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. రజాకార్ల దుర్మార్గం చెప్పి ఇది దాచినా, ఇది చెప్పి అది దాచినా అర్ధసత్యమే.

ఇక పేరు. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి విమోచన దినంగా జరుపుతోంది. అదే ఏడాది అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. విలీనం అనేవారున్నారు, రైతాంగానికి జరిగిన విద్రోహం అనేవారున్నారు. నేను ఈ పేర్లన్నీ బ్లాక్‌బోర్డు మీద రాస్తాను. ఒక్కో పేరు ఎవరు వాడతారు, ఆ పేరు దేన్ని ముందుకు తెస్తుంది, దేన్ని వెనక్కి నెడుతుంది అని పిల్లలనే అడుగుతాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఈ పని ఎంత బాగా చేస్తారో చూస్తే ఆశ్చర్యపోతారు.

నేను ఈ పద్ధతికి వచ్చింది ఒక తప్పు తర్వాత. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పాఠం చెబుతుంటే వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, ‘రజాకార్లంటే వాళ్లే కదా సార్’ అని కిటికీ వైపు చూశాడు. తరగతి మొత్తం అటు తిరిగింది. అక్కడ కూర్చున్న ముస్లిం అమ్మాయి తల ఎత్తలేదు. వృత్తలేఖిని ముల్లుతో డెస్కు మీద ఒకే గీతను మళ్లీ మళ్లీ గీస్తోంది. నేను ‘సరే, కూర్చో’ అని పాఠం కొనసాగించాను. గంట కొట్టాక ఆ డెస్కు దగ్గరికి వెళ్లి చూస్తే గీత లోతుగా దిగి ఉంది. ఆ ‘సరే’కి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

మరునాడు మళ్లీ అదే పాఠం తీశాను. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ గురించి చెప్పాను. విసునూరు దేశ్‌ముఖ్‌ను, అంటే అక్కడి పెద్ద భూస్వామిని ఎదిరించి 1940లో ప్రాణాలిచ్చిన కామారెడ్డిగూడెం షేక్ బందగీ గురించి చెప్పాను. ఆ దేశ్‌ముఖ్ హిందువు, బందగీ ముస్లిం. ‘ఇప్పుడు చెప్పండి, వాళ్లు అంటే ఎవరు?’ అని అడిగాను. వెనక బెంచీ అబ్బాయి చాలాసేపు ఆలోచించి, ‘దొరలు, వాళ్ల మనుషులు సార్’ అన్నాడు. అది కూడా పూర్తి జవాబు కాదు. కానీ ఈసారి ఎవరూ కిటికీ వైపు చూడలేదు.

అప్పటి నుంచి ప్రతి ఏడూ ఇంటిపనిగా ‘ఆ రోజుల గురించి మీ ఇంట్లో ఏమి చెప్పుకుంటారు?’ అని అడిగి రాసుకురమ్మంటున్నాను. రాయనివారిని బలవంతపెట్టను, పేర్లతో చదివించను. ఒక ఏడాది రెండు నోటుపుస్తకాలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ఒకదానిలో ముత్తాత రజాకార్లకు భయపడి మూడు రాత్రులు జొన్నచేలో దాక్కున్నాడు. రెండోదానిలో ముత్తాత అదే ఏడాది దసరా ముందు కుటుంబాన్ని బండెక్కించి ఊరు వదిలాడు, తిరిగొచ్చేసరికి ఇంటి తలుపులు కూడా లేవు. రెండూ ఒకే మండలం. పిల్లల అనుమతితో రెండూ తరగతిలో చదివాను. ఆ రోజు చర్చ నడపాల్సిన పని నాకు పడలేదు.

పిల్లలు ‘మీ అభిప్రాయం ఏమిటి సార్?’ అని అడిగితే చెప్పాలా?

తేలిన విషయమైతే ఆలస్యం చేయకుండా చెప్పండి. అది మీ అభిప్రాయం కాదు, పాఠం. తేలని విషయమైతే చర్చ మధ్యలో చెప్పకండి. టీచరు నోట ఒక మాట వచ్చిన తర్వాత సగం తరగతి ఆ మాట పట్టుకుంటుంది, మిగతా సగం నోరు మూసుకుంటుంది. మార్కులు వేసే చేయి, అభిప్రాయం చెప్పే నోరు ఒకే మనిషివని పిల్లలకు బాగా తెలుసు.

జర్మనీలో 1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో పౌరనీతి బోధించేవారు సమావేశమై ఒక అవగాహనకు వచ్చారు. దాని సారం మూడు మాటలు. విద్యార్థిని ఒక అభిప్రాయంలోకి తోసివేయకూడదు. సమాజంలో వివాదంగా ఉన్నది తరగతిలోనూ వివాదంగానే కనిపించాలి. విద్యార్థి తన స్థితిగతులను తానే విశ్లేషించుకోగలగాలి. నాజీల కాలంలో బడి ఎలా లొంగిపోయిందో చూసిన దేశం కాబట్టి ఆ మాటలకు బరువు ఉంది. మన దగ్గర ఇంత స్పష్టంగా రాసుకున్నది లేదు. కొత్త టీచర్ల శిక్షణలో మొదటి రోజే దీన్ని చెప్పాలని నా కోరిక.

పై తరగతుల పిల్లలు పాఠమంతా అయ్యాక కూడా పట్టుబడితే, ‘నేను ఇలా అనుకుంటున్నాను, కారణం ఇది, నా మాటతో ఏకీభవించనివారి బలమైన వాదన ఇది’ అని మూడూ కలిపి చెబుతాను. మూడోది చెప్పలేకపోతే మొదటిది కూడా చెప్పను.

టీచరు పార్టీ సభలకు వెళ్లవచ్చా? వాట్సాప్‌లో రాజకీయం రాయవచ్చా?

ప్రభుత్వ టీచరుకు 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. రాజకీయ పార్టీల్లో పాల్గొనడం నిషిద్ధం. ఓటు మీది, దాన్ని ప్రచారం చేసే హక్కు ఉద్యోగంలో ఉన్నంతకాలం లేదు. తల్లిదండ్రులున్న వాట్సాప్ గ్రూపులో పార్టీ పోస్టు పెట్టిన టీచరు మరునాడు తరగతిలో ఎంత నిష్పక్షపాతంగా చెప్పినా నమ్మేవారుండరు.

ప్రత్యుత్పత్తి పాఠం వస్తే ‘మీరే చదువుకోండి’ అనేస్తున్నారు. అది విచక్షణేనా?

కాదు, పారిపోవడం. కౌమారదశ గురించి, ప్రత్యుత్పత్తి వ్యవస్థ గురించి పుస్తకంలో ఉన్నది చెప్పితీరాలి. నేను సైన్సు టీచరును కాను, కానీ గురుకులంలో హాస్టల్ బాధ్యత చూసిన అనుభవంతో చెబుతున్నాను. మొదటి నెలసరి వచ్చి తనకేదో రోగం వచ్చిందని దుప్పటి ముసుగేసుకుని రెండు రోజులు అన్నం తినని ఏడో తరగతి బిడ్డను మా వంటమనిషి పసిగట్టి ఒడిలో కూర్చోబెట్టుకుని వివరించింది. చదువుకున్న మేమంతా అక్కడే ఉన్నాం. గురుకులాల్లో బిడ్డకు అమ్మ పక్కన ఉండదు, చెప్పాల్సింది బడే.

విచక్షణ ఉన్నది ఎలా చెప్పాలన్న దగ్గర. ఆడపిల్లలకు విడిగా ఒక పీరియడ్ టీచరమ్మతో ఏర్పాటు చేయవచ్చు, లేదా ఆరోగ్య కేంద్రం నుంచి ఏఎన్‌ఎంను (ఊళ్లలో తిరిగే నర్సమ్మను) పిలవవచ్చు. ప్రశ్నలు చీటీల మీద పేరు లేకుండా రాయించి డబ్బాలో వేయించడం మంచి పద్ధతి. పాఠం చెప్పబోతున్నట్టు ముందుగా తల్లులకు ఒక మాట చెప్పండి. మా అనుభవంలో తల్లులు అడ్డు చెప్పలేదు, ‘మాకు చెప్పేవాళ్లు లేకపోయిరి, మీరన్నా చెప్పండి’ అన్నారు.

ఒక చోట మాత్రం విచక్షణ అన్న మాటే లేదు. ఈ పాఠాల తర్వాత ఒక బిడ్డ తనకు జరిగిన లైంగిక వేధింపు గురించి చెబితే, పిల్లలను అలాంటి నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. ‘ఊళ్లో పరువు’, ‘పెద్దమనుషుల్లో మాట్లాడదాం’ అన్న సలహాలు వినకండి, తెలియజేయకపోవడమే నేరం. పిల్లల సహాయ నంబరు 1098 ప్రతి బడి గోడ మీదా ఉండాలి.

మా మతం ప్రకారం పరిణామ సిద్ధాంతం తప్పు. మా బిడ్డకు ఆ పాఠం చెప్పవద్దని అడగవచ్చా?

అడగవచ్చు, కానీ బడి ఒప్పుకోకూడదు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం రాజ్యాంగం 51-ఎ అధికరణంలో పౌరుడి ప్రాథమిక విధి. అదే సమయంలో బిడ్డ నమ్మకాన్ని టీచరు ఎగతాళి చేయకూడదు. ‘నువ్వు నమ్మాలని అడగడం లేదు, సైన్సు ఏ ఆధారాలతో ఏమంటోందో తెలుసుకోవాలి’ అంటే చాలు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామ సిద్ధాంతాన్ని తీసేసినప్పుడు దేశమంతటా శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. పిల్లల మీద భారం తగ్గించడానికే అని సంస్థ చెప్పింది. పదో తరగతి తర్వాత సైన్సు వదిలేసే లక్షల మంది పిల్లలకు ఆ సంగతి తెలిసే చివరి అవకాశం అదే. ఆ తొలగింపు తప్పు అనే నేననుకుంటాను.

బడిలో ప్రార్థనలు, పండుగల సంగతి?

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ చేయకూడదని 28వ అధికరణం. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఇతర బడుల్లో కూడా సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకు, ఆరాధనకు కూర్చోబెట్టకూడదు, పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మతాల గురించి తెలియజెప్పడం వేరు, మతాన్ని బోధించడం వేరని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో చెప్పింది. బతుకమ్మ, రంజాన్, క్రిస్మస్ గురించి పిల్లలు మాట్లాడుకోవడం మంచిదే. జాతీయగీతం పాడనందుకు బడి నుంచి పంపేసిన ముగ్గురు కేరళ పిల్లలకు 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు అండగా నిలిచింది. వాళ్లు గౌరవంగా లేచి నిలబడ్డారు, తమ విశ్వాసం వల్ల పాడలేదు, అంతే. ఈ తీర్పు ప్రతి హెడ్మాస్టరూ చదవాలి.

కులం గురించి తరగతిలో మాట్లాడితే గొడవలవుతాయి కదా?

మాట్లాడకపోయినా అవుతున్నాయి. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుడిని పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ వార్త మా పిల్లలందరికీ తెలుసు. ఇంటి దగ్గర ఏ మాటలతో చర్చించుకున్నారో కూడా నాకు వినిపించింది. మరునాడు సమానత్వం గురించి పాఠం చెబుతూ ఆ ఊసు ఎత్తకపోతే, పుస్తకంలో ఉన్నది పరీక్షకు, బయట ఉన్నది బతుకుకు అని పిల్లలు తీర్మానించుకుంటారు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఏ బిడ్డనూ ‘మీదే కులం?’ అని తరగతిలో అడగకండి. స్కాలర్‌షిప్ జాబితాను గట్టిగా చదవకండి, ఇది ఎన్నో బడుల్లో ఇప్పటికీ జరుగుతోంది. దళిత బిడ్డను ‘నీ అనుభవం చెప్పు’ అని నిలబెట్టకండి, తనంతట తాను చెబితే అది వేరు. పాలమూరు వైపు ఆడపిల్లలను దేవుడి పేరిట అర్పించే జోగిని దురాచారం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నేను 1988 నిషేధ చట్టం నుంచి మొదలుపెట్టేవాడిని, ఏ ఊరి పేరూ ఎత్తేవాడిని కాదు. ఆ ఇంటి బిడ్డ నా ముందే కూర్చుని ఉండవచ్చు. రిజర్వేషన్ల మీద చర్చ పెడితే మాత్రం రెండు వాదనలూ గట్టిగా రావాలి, అంకెలు ముందే సిద్ధం చేసుకోండి.

ఫ్లోరైడ్, యురేనియం లాంటి స్థానిక సమస్యలు ఎత్తితే ‘రాజకీయం’ అంటున్నారు.

మన నేల కింద ఉన్నది మన పిల్లలకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాం? పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు, ఎముకల మీద దాని ప్రభావం, లోతు బోర్లతో సమస్య ఎలా పెరిగింది అన్నదంతా రసాయనశాస్త్రమూ భూగోళమూ. ఇందులో రెండు పక్షాలు లేవు. ఒకటే జాగ్రత్త: పసుపు గారలు పట్టిన పళ్లను ఉదాహరణగా చూపడానికి ఏ బిడ్డనూ పిలవకండి. చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వే అమ్మాయిలు మా బడిలో ఉండేవారు.

యురేనియం వేరే రకం. నల్లమలలో అమ్రాబాద్ వైపు, దేవరకొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు దగ్గర నిక్షేపాలున్నాయన్నది తేలిన సంగతి. తవ్వాలా వద్దా అన్నది తేలనిది. దేశానికి విద్యుత్తు కావాలన్న వాదన ఉంది. పులుల అభయారణ్యం, చెంచుల బతుకు, పక్కనే నాగార్జునసాగర్ నీళ్లు అన్న వాదన ఉంది. 2019 సెప్టెంబర్‌లో నల్లమలలో తవ్వకాలు వద్దని రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది, అది కూడా చెప్పాలి. అచ్చంపేటలో ఉన్నప్పుడు తరగతిని మూడు భాగాలు చేసి ఒకరిని చెంచుపెంట వాసులుగా, ఒకరిని అణు సంస్థ ఇంజనీర్లుగా, ఒకరిని అటవీ అధికారులుగా మాట్లాడించేవాడిని. చెంచు పిల్లలను ఇంజనీర్ల పక్షంలో పెట్టాను. ఒక చెంచు అబ్బాయి వాదించినంత బాగా ఏ ఇంజనీరూ వాదించలేడు. చివర్లో ‘ఇప్పుడు నా మాట చెప్పనా సార్?’ అని అడిగి, తన వాదనను తనే ముక్కముక్కలు చేశాడు.

పాఠ్యపుస్తకమే తప్పయితే టీచరు ఏం చేయాలి?

2023లో మన రాష్ట్ర పదో తరగతి సాంఘిక శాస్త్రం ముఖచిత్రం మీద రాజ్యాంగ పీఠికను ‘సామ్యవాద’, ‘లౌకిక’ పదాలు లేకుండా వేశారు. ఉపాధ్యాయ సంఘాలు పట్టుకున్నాయి. నేను అట్ట మీది పీఠికను, లోపలి పాఠాన్ని పక్కపక్కన పెట్టి తేడా కనిపెట్టమన్నాను. ఆ రెండు పదాలు 1976లో 42వ సవరణతో చేరాయన్నది అప్పటి నుంచి మా పిల్లలు ఎవరూ మరచిపోలేదు. 2024 జూన్‌లో మరొకటి: ముందుమాటలో మాజీ ముఖ్యమంత్రి పేరు ఉందని పంచిన తెలుగు వాచకాలను వెనక్కి తెప్పించారు. మా దగ్గర ఆ పుటను అతికించి తిరిగి ఇచ్చాం. పిల్లలు కిటికీ దగ్గరికి వెళ్లి, ఎండకు పట్టి, లోపల ఏముందో చదివారు.

తప్పు కనిపిస్తే ఎస్‌సీఈఆర్‌టీకి హెడ్మాస్టరు ద్వారా రాతపూర్వకంగా పంపండి. తరగతిలో ‘ఇక్కడ ఇలా అచ్చయింది, సరైనది ఇది, ఆధారం ఇది’ అని చెప్పండి. అసలు పుస్తకాన్ని ఆధారాలతో సవాలు చేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. తెలంగాణలో కవులే లేరన్నవారికి పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి జవాబిచ్చాడు. తిట్టలేదు, లెక్క చూపించాడు.

టీచరు చెప్పింది నచ్చలేదు. తల్లిదండ్రులుగా ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ముందు ఆ టీచరు దగ్గరికే. బిడ్డ ఇంట్లో చెప్పేది పీరియడ్‌లో ఒక వాక్యం, మిగతా నలభై నిమిషాలు ఏం జరిగిందో అడగండి. నోటుపుస్తకం పట్టుకుని వెళ్లండి. తృప్తి కలగకపోతే హెడ్మాస్టరు, తర్వాత మండల విద్యాధికారి, ఆపైన జిల్లా విద్యాశాఖాధికారి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం, అక్కడ మాట్లాడే హక్కు మీకుంది. గుంపుగా తరగతిలోకి రావడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. ఒకసారి మా బడికి అలా వచ్చినప్పుడు, వచ్చినవారిలో ఒకాయన సొంత కూతురు డెస్కు కిందకు దూరింది.

టీచర్లకూ ఒక మాట. పాఠ్యపథకం, డైరీ రోజూ రాయండి: ఏ ప్రశ్న అడిగారు, ఏ ఆధారాలు చూపారు, రెండు వైపులా ఏం చెప్పారు. ముప్పై సెకన్ల వీడియో తీసి ఊరంతా తిప్పిన రోజున మిమ్మల్ని కాపాడేది ఆ డైరీయే. హెడ్మాస్టర్లు కూడా ఫోను రాగానే టీచరును పిలిచి క్షమాపణ రాయించే అలవాటు మానాలి. డైరీ చూసి, పిల్లలతో మాట్లాడి, తర్వాత నిర్ణయించండి.

పరీక్షలో నా సొంత అభిప్రాయం రాస్తే మార్కులు పోతాయా?

ఇది పిల్లలు అడిగే ప్రశ్న. పోవు. మూల్యాంకనంలో మేం చూసేది నువ్వు ఏ పక్షం తీసుకున్నావని కాదు. సంఘటన, సంవత్సరం సరిగ్గా ఉన్నాయా, కారణం రాశావా, ఎదుటి వాదనకు ఒక వాక్యమైనా జవాబిచ్చావా అని చూస్తాం. ‘సెప్టెంబర్ 17ను ఏమని పిలవాలి?’ అన్న ప్రశ్నకు గత ఏడాది ఒక అమ్మాయి, ‘మా నానమ్మ దాన్ని మిలిటరీ వచ్చిన రోజు అంటుంది, నేనూ అదే అంటాను, ఎందుకంటే అది మాత్రం అందరూ చూశారు’ అని రాసింది. పూర్తి మార్కులు వేశాను.